జున్ను: దూడ వాటా, మన వాటా

ఈ వార్షికోత్సవ సంచికను చేతబట్టిన మీలో చాలామంది ఈ దేశంలోనే పుట్టి, మన దేవాలయ ప్రాంగణంలో ఆదివారపు తెలుగు తరగతులలో అక్షరాలు దిద్దుకున్నవారు. ఆ తరగతులలో ఒకనాడు నేను పిల్లలను "జున్ను అంటే ఏమిటి?" అని అడిగాను. వారందరూ ఒక్క గొంతుతో "చీజ్" అన్నారు. తప్పు వారిది కాదు. చీజ్ అన్న మాటకు తెలుగు పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు చాలాకాలంగా జున్ను అనే అర్థమే ఇస్తున్నాయి. కాని చీజ్ తోడువేసి విరిచిన పాల నుండి వస్తుంది. జున్నుకు తోడు అక్కరలేదు, ఆమ్లం అక్కరలేదు. ఈనిన ఆవు లేదా గేదె మొదటి రెండు మూడు రోజులు ఇచ్చే పాలను బెల్లంతో కలిపి ఆవిరి మీద ఉంచితే చాలు, తనంతట తానే గడ్డకడుతుంది. ఆ పాలను జున్నుపాలు అంటాము. తల్లి విషయంలోనైతే ముర్రుపాలు అంటాము. ఒకే పదార్థానికి మన భాషలో రెండు పేర్లుండడం యాదృచ్ఛికం కాదని ఈ వ్యాసం చివరకు మీకే తోచగలదు.

జున్ను తెలుగువారికి మాత్రమే సొంతమైనది కాదు. కన్నడిగులు దీనిని గిణ్ణు అంటారు, మరాఠీవారు ఖర్వస్ అంటారు, తమిళులు ఆ పాలను సీంపాల్ అంటారు. ఐస్‌లాండ్‌లో దీనినే ఆబ్రిస్తిర్ అనే పేరుతో దాల్చినచెక్క పొడి చల్లుకొని తింటారు. స్వీడన్‌లో దీని పేరు కాల్వ్‌దాన్స్, అనగా దూడ నాట్యం. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఈ పాలను గూర్చి వ్రాసినాడు. ఈనాటి వైద్యశాస్త్రం వాడే కొలోస్ట్రమ్ అన్న మాట ఆ లాటిన్ భాషదే. పశువును పెంచిన ఎన్నో జాతులు ఈ రుచిని ఎరిగినవని మనం గ్రహించవచ్చు.

మన శాస్త్రగ్రంథాలు ఈ పాలను గూర్చి ఏమన్నవి? అమరకోశంలో పీయూషం అన్న పదం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకచోట దాని అర్థం అమృతం. మరొకచోట అప్పుడే ఈనిన ఆవు పాలు. ఇంతటి గౌరవం ఇచ్చిన సంప్రదాయమే మరొకవైపు నిషేధాన్ని కూడా విధించింది. గోవు ఈనిన పది దినములలోపు పాలు త్రాగరాదని మనుస్మృతి ఐదవ అధ్యాయం చెబుతున్నది. గౌతమ ధర్మసూత్రాలలోనూ అదే నియమం ఉన్నది. మనిషికి పురుడు ఉన్నట్లే గోవుకూ పురుడు ఉన్నదని దాని భావం. ఆ నియమం దూడ ఆరోగ్యాన్ని ఉద్దేశించినదని కొందరు ఉత్సాహంతో చెబుతారు. నేను అంత దూరం పోజాలను. ఆ గ్రంథాలలో ఉన్నది శౌచ విచారణ మాత్రమే. కాని ఆ నియమాన్ని పాటించిన ఇంట, ఉద్దేశం ఏదైనా, తొలిపాలు దూడకే దక్కి ఉంటాయి.

కృష్ణా డెల్టాలోని మా ఇంట ఈ చిక్కును మా నాయనమ్మ తనదైన పద్ధతిలో విడదీసింది. ఆవు ఈనిన పది రోజుల వరకు ఆ పాలు దేవుని గదిలోకి వెళ్ళేవి కావు. వంటింటిలోకి మాత్రం మొదటి సాయంత్రమే వచ్చేవి. అయితే దానికి ముందు ఒక కట్టుబాటు ఉండేది. దూడ లేచి నిలబడి, పొదుగు పట్టి, కడుపునిండా త్రాగి, తనంతట తాను మూతి తీసేవరకు ఎవరూ చెంబు పట్టుకొని పశువుల కొట్టంలో అడుగు పెట్టరాదు. "ముందు దాని వాటా దానికి పోనీండర్రా, మిగిలితేనే మనది" అనేది ఆమె.

మిగిలిన పాలు చిక్కగా, లేత పసుపురంగులో, చేతికి జిగటగా ఉండేవి. మొదటి పూట పాలలో ఒక గ్లాసుకు రెండు మూడు గ్లాసుల మామూలు పాలు కలిపేది. రెండవ రోజు పాలకు సమానంగా కలిపేది. మూడవనాటి పాలకు ఏమీ కలిపేది కాదు. కొంచెం పాలు గరిటెలో పోసి నిప్పుల మీద పట్టి, గడ్డ ఎంత గట్టిగా కడుతున్నదో చూసి పాళ్ళు సరిచేసేది. బెల్లం కోరు కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి వేసి, ఇత్తడి గిన్నెలో పోసి, నీళ్ళు మరుగుతున్న పెద్ద గిన్నెలో దించి మూతపెట్టేది. అరగంటలో జున్ను సిద్ధమయ్యేది. పొరుగిళ్ళకు జున్నుపాలు పంపితే, ఆ చెంబు ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. అడుగున గుప్పెడు బియ్యమో, రెండు పచ్చిమామిడికాయలో ఉండేవి.

ఇక ఆ గిన్నెలో జరిగినది ఏమిటో చెబుతాను. మామూలు ఆవుపాలలో మాంసకృత్తులు నూటికి మూడు పాళ్ళకు కొంచెం పైన ఉంటాయి. వాటిలో ఐదింట నాలుగు వంతులు కేసిన్. కేసిన్ వేడికి గడ్డకట్టదు. కనుకనే పాలు ఎంత కాచినా పాలుగానే ఉంటాయి. ఈనిన వెంటనే పితికిన పాలలో మాంసకృత్తులు నూటికి పద్నాలుగు పాళ్ళ వరకు ఉంటాయి, వాటిలో పెద్ద వాటా ఇమ్యునోగ్లోబ్యులిన్‌లది, అంటే రోగనిరోధక ప్రతిరక్షకాలది. ఇవి కోడిగ్రుడ్డు తెల్లసొన వలె వేడికి తమ రూపం విప్పుకొని ఒకదానినొకటి పట్టుకొని గడ్డకడతాయి. పాలలో సహజంగా ఉండే చక్కెర మాత్రం మామూలు పాలలో కంటె దాదాపు సగమే. అందుకే జున్నుకు బెల్లం ఎక్కువ పడుతుంది. సూటిగా చెప్పవలెనంటే, మనం ముక్కలుగా కోసుకొని తినే ఆ మెత్తని గడ్డ దూడకోసం తల్లి కూడబెట్టిన రక్షణ కవచం.

ఆ కవచం దూడకు ఎంత అవసరమో లోకానికి నిరూపణ అయినది ఈ దేశంలోనే, మన న్యూజెర్సీ మిత్రుల ఇళ్ళకు ఎంతో దూరంలో లేని ప్రిన్స్‌టన్ పరిసరాలలో. 1892లో జర్మనీలో పాల్ ఎర్లిఖ్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, తల్లిపాల ద్వారా రోగనిరోధక శక్తి పిల్లలకు చేరుతుందని చూపించినాడు. ముప్ఫై ఏళ్ళ తరువాత, 1922లో, రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే ఇద్దరు ఒక సరళమైన ప్రశ్న వేసుకున్నారు. దూడకు తొలిపాలు ఇవ్వకపోతే ఏమవుతుంది? తొలిపాలు త్రాగిన దూడలు బ్రతికినవి. త్రాగనివాటిలో ఎక్కువ భాగం కొద్ది రోజులలోనే, వాటి పేగులలో మామూలుగా ఉండే సూక్ష్మజీవుల వలననే చనిపోయినవి. ఆవు మాయ నిర్మాణం ఎటువంటిదంటే, తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు గర్భంలోని దూడకు చేరవు. దూడ రిక్తహస్తాలతో పుడుతుంది. పుట్టిన తరువాత సుమారు ఇరవైనాలుగు గంటలు మాత్రమే దాని పేగులు ఆ ప్రతిరక్షకాలను పూర్ణరూపంలో రక్తంలోనికి పీల్చుకోగలవు. గంట గంటకూ ఆ తలుపు మూసుకుపోతూ ఉంటుంది. మా నాయనమ్మ ఈ పరిశోధన గురించి వినలేదు. కాని కొట్టం గుమ్మం దగ్గర ఆమె కాపలా కాసినది సరిగ్గా ఆ గంటలనే.

ఇప్పుడు మీకు ఒక కష్టమైన మాట చెప్పవలసి ఉన్నది. చరిత్ర వ్రాసేవారు తమ ఇంటి విషయం దాచరాదని నా నమ్మకం.

నేను పుట్టిన వారంలోనే మా ఇంట ఆవు కూడా ఈనింది. ఆ దూడ కడుపునిండా తొలిపాలు త్రాగింది. నా తల్లి ముర్రుపాలను మాత్రం మూడు రోజులపాటు పిండి, గోడవారన పారబోశారు. నాకు తేనె, పంచదార నీళ్ళు చుక్కలు చుక్కలుగా నాకించారు. "మొదటి పాలు చెడ్డవి, బిడ్డకు అరగవు" అని పెద్దల మాట. దూడకు న్యాయం చేసిన ఆ చేతులే మనుమరాలి విషయంలో ఆ పని చేశాయి. అమ్మ ఈ సంగతిని ఒక వింతగా, నవ్వుతూ చెప్పేది. తరువాత వైద్యవిద్యార్థినిగా ప్రసూతి వార్డులో నిలబడినప్పుడు, ఆ మాటే ఎందరో అత్తగార్ల నోట నేను విన్నాను. ఊరిలో ఎవరింట ఆవు ఈనినా జున్నుపాలకోసం చెంబు పట్టుకొని వెళ్ళేవారే, తమ ఇంటి బిడ్డకు ముర్రుపాలు దక్కనివ్వలేదు.

ఈ అపోహ మనది మాత్రమే కాదు. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు సోరానస్ తల్లి తొలిపాలు బిడ్డకు తగవని బోధించినాడు. ఐరోపాలో ఆ బోధ శతాబ్దాలు నిలిచింది. 1748లో విలియం కాడొగన్ అనే ఆంగ్ల వైద్యుడు బిడ్డను వెంటనే తల్లి రొమ్ముకే పట్టవలెనని గట్టిగా వాదించినాడు. మన గ్రంథాలలోనూ ఏకాభిప్రాయం లేదు. పాలు మూడు నాలుగు రోజులకు గాని పడవని, అంతవరకు తేనె, నెయ్యి ఇమ్మని సుశ్రుతసంహిత చెబుతున్నది. జాతకర్మ అయిన వెంటనే ముందుగా కుడి స్తన్యం ఇప్పించవలెనని చరకసంహిత చెబుతున్నది. మన పూర్వులు ఒకే గొంతుతో మాట్లాడలేదు. రెండు మార్గాలు మన ముందున్నప్పుడు ఏది నిలుస్తుందో చూసి ఎంచుకోవడం సంప్రదాయానికి ద్రోహం కాదు.

మానవశిశువు దూడ వంటిది కాదు. తల్లి ప్రతిరక్షకాలు కొంతవరకు మాయ ద్వారానే చేరుతాయి. అయినా పేగుల పూతను కాపాడే మరొక రకం ప్రతిరక్షకం ముర్రుపాలలోనే సమృద్ధిగా లభిస్తుంది. పుట్టిన గంటలోపల బిడ్డకు తల్లిపాలు పట్టవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. ఒక ఏడాది నిండేవరకు తేనె నాకించరాదు. అందులో ఉండగల బోటులిజమ్ బీజాలు పసిపేగులలో మొలకెత్తి ప్రాణాపాయం తేగలవు. త్వరలో తల్లిదండ్రులు కానున్న మీలో ఎవరైనా ఈ వ్యాసం నుండి ఒక్క వాక్యమే గుర్తుంచుకోదలిస్తే, ఈ వాక్యాన్నే గుర్తుంచుకోండి.

నా కుమారుడు ఈ దేశంలో పుట్టినప్పుడు అమ్మ నా మంచం ప్రక్కన కూర్చొని ఉన్నది. బిడ్డ సరిగా పాలు పట్టలేకపోగా, నర్సు ఒక చిన్న సిరంజిలోకి నా ముర్రుపాలు నాలుగు చుక్కలు పిండి, బంగారాన్ని తూచినట్లు వాడి పెదవులకు అందించింది. అమ్మ ఆ పసుపుపచ్చని చుక్కలను చాలాసేపు చూసింది. "ఇవా మేము గోడవారన పోసినవి!" అన్నది. అప్పుడు నవ్వలేదు.

ఇక జున్ను అమెరికాకు వచ్చిన కథ. తెలుగు మనుషులకంటె తెలుగు పశువులే ఈ దేశానికి ముందుగా వచ్చినవంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. టెక్సాస్ జ్వరం అనే పశువ్యాధిని వ్యాపింపజేసేది గోమారి పురుగేనని 1893లో నిరూపించినవారిలో ఒకరు, నేను పైన చెప్పిన థియోబాల్డ్ స్మిత్‌యే. ఆ పురుగును, ఎండను తట్టుకోగల పశువులకోసం టెక్సాస్‌కు చెందిన ఏ.పి. బోర్డెన్ 1906లో భారతదేశం నుండి పశువులను తెప్పించినాడు. అలా వేర్వేరు కాలాలలో వచ్చిన గుజరాత్, గిర్, నెల్లూరు, కృష్ణాలోయ జాతుల కలయికతో ఇక్కడ బ్రాహ్మన్ అనే జాతి ఏర్పడింది. దాని పెంపకందారుల సంఘం 1924లో మొదలైంది. మన ఒంగోలు పశువుకే విదేశాలలో నెల్లూరు పేరు నిలిచింది. అయితే ఇక్కడ ఆ జాతిని పెంచినది పాలకు కాదు, మాంసానికి. మన గోమాతను తలచుకొనేటప్పుడు ఆ చేదు నిజాన్ని కూడా మనం దాచుకోరాదు.

1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలసచట్టం తరువాత మన వైద్యులు, ఇంజనీర్లు కుటుంబాలతో రాసాగారు. 1977 నాటికి న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి, పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడు కొలువైనారు. గుడి వచ్చింది, పులిహోర వచ్చింది, లడ్డు వచ్చింది. జున్ను మాత్రం రాలేదు. దానికి కారణం చట్టంలోనే ఉన్నది. ఈ దేశపు సమాఖ్య నిబంధనలలో పాలు అన్న మాటకు నిర్వచనమే ముర్రుపాలు దాదాపు లేని పాలు అని. ఈనిన ఆవు తొలిపాలు సరకులోకి రాకూడదు. పైగా కాచని పాలను మనుషుల వాడుకకు ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి అమ్మరాదని 1987లో నిషేధం వచ్చింది.

దీనిని మొరటుతనమని మా తరంవారు విసుక్కున్నారు. నేను వారితో ఏకీభవించను. పాల ద్వారా క్షయ, టైఫాయిడ్ వచ్చి పసిపిల్లలు రాలిపోయిన అనుభవం ఈ దేశానికి ఉన్నది. న్యూయార్క్‌లో నేథన్ స్ట్రాస్ 1893 నుండి బీదపిల్లలకు పాశ్చరీకరించిన పాలు పంచినాడు. 1908లో షికాగో నగరం పాశ్చరీకరణను తప్పనిసరి చేసింది. 1917లో పశువుల క్షయను నిర్మూలించే ఉద్యమం మొదలైంది. 2024 మార్చిలో పక్షిజ్వరపు వైరస్ పాడిపశువులలో మొదటిసారి కనబడినప్పుడు, కాచని పాల విషయంలో పాత జాగ్రత్త ఎంత అవసరమో మళ్ళీ తెలిసింది.

జున్ను దొరకని మన తల్లులు ఊరకుండలేదు. చైనా గ్రాస్ వేసి గడ్డకట్టించినవారున్నారు. కోడిగ్రుడ్డు కలిపి, ఇంట పెద్దలకు చెప్పకుండా వడ్డించినవారూ ఉన్నారు. అన్నింటిలోకి మేలైనది తియ్యని చిక్కనిపాల డబ్బాతో చేసేది. ఆ చిక్కనిపాలకు గెయిల్ బోర్డెన్ అనే అమెరికన్ 1856లో పేటెంటు పొందినాడు. ఆ విధంగా ఈ దేశపు పదార్థమే మన జున్నుకు ప్రత్యామ్నాయమైంది. మీరు ఇంట చేసుకోదలిస్తే పద్ధతి ఇది.

పద్నాలుగు ఔన్సుల చిక్కనిపాల డబ్బా ఒకటి తీసుకోండి. అదే డబ్బాతో ఒక కొలత వెన్న తీయని పాలు, ఒక కొలత నీరు వంచిన కమ్మని గట్టిపెరుగు తీసుకోండి. మూడింటినీ ఉండలు లేకుండా, నురగ రాకుండా కలపండి. నాలుగు యాలకులు, అర చెంచా మిరియాలు పొడిచేసి వేయండి. స్టీలు గిన్నెలో పోసి, ఆవిరి నీరు పడకుండా పైన మూతపెట్టి, ఇడ్లీపాత్రలోనో, వెయిట్ పెట్టని కుక్కర్‌లోనో మధ్యస్థపు మంట మీద ఇరవైఐదు నుండి ముప్ఫై నిమిషాలు ఉంచండి. మధ్యలో చాకుమొన గుచ్చితే తడిగా రాకుండా ఉండాలి. చల్లారిన తరువాత మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి ముక్కలు కోయండి. ఇందులో గడ్డకట్టేది ప్రతిరక్షకాలు కావు. పెరుగులోని పులుపు, వేడి కలిసి కేసిన్‌ను దగ్గరచేర్చుతాయి. మంట ఎక్కువైతే నీరు విడిచి గరుకవుతుంది.

నేడు ఇండియన్ దుకాణాలలో జున్నుపొడి దొరుకుతున్నది. అది తొలిపాలను ఎండబెట్టి చేసినది. పొట్లం మీది కొలత ప్రకారం పాలలో కలిపి, బెల్లంతో ఇదే విధంగా ఆవిరి పట్టండి. దానితోనే అసలు రుచికి దగ్గరగా వస్తుంది. అయితే జున్ను తింటే రోగనిరోధక శక్తి పెరుగుతుందన్న ప్రచారాన్ని నమ్మకండి. ఆవిరి వేడికి ఆ ప్రతిరక్షకాలు తమ రూపాన్ని, పనిని కోల్పోతాయి. కోల్పోయినందువల్లనే జున్ను గడ్డకట్టింది. తెలిసిన పాడివారి వద్ద నిజమైన జున్నుపాలు దొరికే భాగ్యం మీకు కలిగితే, ముందు మీ రాష్ట్రపు చట్టం తెలుసుకోండి. పచ్చిగా రుచి చూడకండి, పిల్లలకు వేలితో నాకించకండి. గడ్డ నడిమికి వంటింటి థర్మామీటరు గుచ్చి, 80 డిగ్రీల సెల్సియస్, అంటే 176 డిగ్రీల ఫారెన్‌హీట్, దాటినదని చూసుకోండి. మధుమేహం ఉన్నవారికి బెల్లమైనా చక్కెరైనా లెక్క ఒకటే. చిన్న ముక్కతో తృప్తిపడండి.

ఆ పాడివారిని మరొక ప్రశ్న కూడా అడగండి: "దూడ త్రాగిందా?" నలభై కిలోల దూడకు మొదటి గంటలలోనే సుమారు నాలుగు లీటర్లు కావాలి. ఈనాటి మేలుజాతి ఆవులు చాలావరకు దూడ అవసరానికి మించి ఇస్తాయి. కనుక మిగిలినది పుచ్చుకోవడంలో దోషం లేదు. మిగిలినదా, మిగిల్చినదా అన్నది మాత్రం తెలుసుకొని పుచ్చుకోవాలి.

మా నాయనమ్మను తలచుకొన్నప్పుడు నాకు ఇప్పటికీ రెండు దృశ్యాలు కలిసే కనబడతాయి: దూడ మూతి తీసేవరకు గుమ్మంలో చెంబుతో నిలబడిన ఆమె, గోడవారన పారబోసిన అమ్మ పాలు. ఒకదానికోసం ఆమెకు మ్రొక్కుతాను. రెండవదానిని మా ఇంట మళ్ళీ జరగనివ్వలేదు. మీకు మా తరం అప్పగిస్తున్న వారసత్వం కూడా ఇటువంటిదే. అందులో కాపాడుకోవలసినది ఉన్నది, సరిదిద్దుకోవలసినదీ ఉన్నది. రెండింటినీ వేరుచేయగల చదువు మీకు ఉన్నది.

వచ్చే పండుగకు మీ ఇంట జున్ను చేస్తే, పొరుగింటికి ఒక గిన్నె పంపండి. ఆ గిన్నె ఖాళీగా తిరిగి వచ్చినా ఫరవాలేదు. మన ఆనవాయితీ వారికి అప్పుడు చెప్పవచ్చు.

శుభం.